పదింటి క్లాసు

కమ్యూనికేషన్ శాఖ గుమ్మం మీద బోర్డు పెద్దదే. లోపలికి వెళితే ఉండేది ఇద్దరు మాస్టార్లు, పదకొండుమంది విద్యార్థులు, ఎండాకాలం తిరగనని మొండికేసే ఒక ఫ్యాను. ఇద్దరిలో పెద్దావిడ ఆ శాఖకు హెడ్. కాలేజీ అంతా ఆవిడను మాటల మేడమ్ అంటుంది, ఆవిడకు వినిపించనంత దూరంలో. రెండోవాడు చిన్న మాస్టారు. కాంట్రాక్టు మీద వచ్చి ఐదేళ్ళయింది. ఏటేటా జూన్‌లో అతని ఉద్యోగం ఉందో ఊడిందో ఒక కాగితం వచ్చి చెబుతుంది.

పోయిన ఏడాది ప్రిన్సిపాల్‌గారు మేడమ్‌ని పిలిచి సూటిగానే చెప్పారు. పదకొండుమంది కోసం ఒక శాఖను నడపడం కష్టం. పిల్లలకు ఉద్యోగాలు వచ్చేలా, నాలుగు శాఖల చదువూ కలిసేలా ఒక కొత్త డిగ్రీ తయారు చేసి, విద్యామండలి చేత ఒప్పించుకుంటే శాఖ బతుకుతుంది. లేదంటే ఈ ఏడుతో మూత. మేడమ్‌ని తీసుకెళ్ళి భాషా శాఖలో వేస్తారు, మొదటి ఏడాది పిల్లలకు సెలవుచీటీ రాయడం నేర్పుకోవచ్చు. చిన్న మాస్టారిని తీసుకెళ్ళి ఎక్కడా వెయ్యరు. ఆ మండలి మీటింగు ఈ రోజే, పదకొండింటికి. ప్రవేశాల పుస్తకం రేపు అచ్చుకు పోతుంది.

ఆవిడ చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. ఏడాదంతా కాళ్ళరిగేలా తిరిగింది. ఆస్పత్రికి వెళ్ళి, మా పిల్లలు మీకెందుకు పనికిరావడం లేదని అడిగింది. రిపోర్టు రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా, ఆ రిపోర్టులో ఏముందో రోగి భార్యకు అర్థమయ్యేలా చెప్పేవాళ్ళే లేరు అన్నారు అక్కడ. కంప్యూటర్ కంపెనీలో, అంకెలు తీసేవాళ్ళున్నారు, ఆ అంకెల అర్థం చెప్పేవాళ్ళు లేరు అన్నారు. బ్యాంకులో, పత్రికాఫీసులో, నీళ్ళ సరఫరా ఆఫీసులో కూడా కాస్త అటూ ఇటూగా అదే మాట. అవన్నీ రాసుకొచ్చి, చిన్న మాస్టారితో కలిసి, కమిటీ వేసి పద్నాలుగు మీటింగులు పెట్టి, డిగ్రీకి ఒక రూపం తెచ్చింది. మంచానికి నాలుగు కోళ్ళలాగా నాలుగు పాఠాలు: మనసుల శాఖ అనే సైకాలజీ శాఖ నుంచి మనిషి ప్రవర్తన, వ్యాపార శాఖ నుంచి సంస్థల నిర్వహణ, కంప్యూటర్ శాఖ నుంచి డేటా, తన శాఖ నుంచి తాను పదిహేనేళ్ళుగా చెబుతున్న ‘వినడం, అడగడం’. రెండో ఏడు ఆ నాలుగూ చదవాలి. అవి చదివినవాళ్ళను మూడో ఏడు ఏదో ఒక ఆఫీసులో పనికి పంపుతారు. నాలుగో ఏడు ప్రాజెక్టు చేసి డిగ్రీ పట్టుకుని బయటపడతారు.

ఆస్పత్రి ఇరవైమందిని తీసుకుంటానని కాగితం మీద రాసిచ్చింది కూడా. ఇక దిగుల్లేదనుకుంది మేడమ్. ఇల్లు అలకగానే పండగ కాదని ఆవిడకు తెలియక కాదు. ఏడాది అలికిన మనిషికి ఆ మాత్రం ఆశ ఉంటుంది.

మిగిలింది ఒక్క సంతకం. ఫారంలో ‘గది, సమయం’ అనే గడి ఉంది. అది నింపి సంతకం చేయాల్సింది టైమ్‌టేబుల్ గుమాస్తా. కింద అంతస్తులో, మెట్ల వెనక అతని గది. గోడ నిండా ఒక చెక్క బోర్డు, బోర్డు నిండా గళ్ళు, గడి గడికీ మేకు, మేకుకు వేలాడే అట్టముక్కలు. ఒక్కో అట్టముక్క ఒక్కో పాఠం. ఇరవై ఆరేళ్ళుగా ఆ ముక్కలు మారుస్తూ బతుకుతున్న ఆయన్ని గళ్ళాయన అంటారు. తొమ్మిదీ ఐదుకు మేడమ్ ఫైలు పట్టుకుని వెళ్ళింది.

"ఒక్క సంతకం పెట్టండి, వెళ్ళిపోతాను."

"కూర్చోండి మేడమ్. సంతకం ఎక్కడికీ పారిపోదు."

గళ్ళాయన కళ్ళజోడు తుడుచుకుని ఫారం చదివాడు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఒక మేకు నుంచి అట్టముక్క తీశాడు. అదే గడిలోంచి ఇంకోటి తీశాడు. అక్కడి నుంచే మూడోది. మూడూ తెచ్చి బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"ఇది మనసుల మాస్టారిది. పదింటికి. ఇది వ్యాపారం హెడ్డుగారిది. పదింటికి. ఇది డేటా మేడమ్‌ది. ఇదీ పదింటికే." నాలుగో ముక్క తేవడానికి మళ్ళీ లేవలేదు. "మీది నేను చెప్పక్కర్లేదుగా."

మేడమ్‌కి అప్పుడు అర్థమైంది.

ఆ కాలేజీలో ఇది పాత అలవాటు. ప్రతి శాఖలోనూ ముఖ్యమైన పాఠం హెడ్డే చెబుతారు, ఇంకొకరికి ఇవ్వరు. హెడ్డన్నవాడు ఎనిమిదింటికి రాడు, అది కుర్ర మాస్టార్లు వచ్చే వేళ. పదకొండు తర్వాత ఫైళ్ళు, మీటింగులు, వచ్చేపోయేవాళ్ళు. కాబట్టి పది. ఏ శాఖ పిల్లలు ఆ శాఖ పాఠమే చదువుకున్నంతకాలం దీనివల్ల ఎవరికీ నొప్పి లేదు, ఎవరి కొట్టు వాళ్ళది. నాలుగు కొట్ల సరుకూ ఒకే సంచిలో వేసుకునే పిల్లవాడు ఈ రోజు దాకా పుట్టలేదు. పుట్టించింది మేడమ్.

"అంటే, ఒక పిల్ల ఏడాదికి ఒక్క పాఠమే చదవగలదు," అంది నెమ్మదిగా.

"ఒక్కటే. రెండో ఏడు ఒకటి, మూడో ఏడు ఒకటి, నాలుగు, ఐదు. ఆ నాలుగూ అయితేగానీ ఆఫీసుకు పంపరని మీరే రాశారు. అది ఆరో ఏడు. ప్రాజెక్టు ఏడో ఏడు."

"ఏడేళ్ళా."

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు మేడమ్? పద్నాలుగు మీటింగులు పెట్టారట. ఒక్కదానికైనా నన్ను పిలవాల్సింది."

కోపంగా అనుంటే ఆవిడ కూడా ఏదో ఒకటి అనేది. అతను మామూలుగా అన్నాడు. ఆస్పత్రి దాకా వెళ్ళి అడిగింది, నీళ్ళ ఆఫీసు దాకా వెళ్ళి అడిగింది, పాతిక మెట్లు దిగి ఈ గదిలో అడగలేదు. తన పాఠం పేరేమో వినడం, అడగడం.

"అయితే మీరు సంతకం పెట్టరు."

"ఎందుకు పెట్టను? గది ఉందా అని అడిగారు, ఉంది. సమయం ఉందా అని అడిగారు, ఉంది. ఒకే పిల్ల ఒకేసారి నాలుగు గదుల్లో కూర్చోగలదా అని ఫారంలో ఎక్కడా అడగలేదు." గళ్ళాయన సంతకం పెట్టి, తేదీ వేసి, ఫారం ఆవిడ వైపు జరిపాడు. "పైన ఎవరూ అడగరు కూడా. వాళ్ళు బోర్డు చూసి ఎన్నేళ్ళయిందో."

బయటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పది కొడితే మిగతా ముగ్గురు హెడ్లూ క్లాసుల్లో ఉంటారు, ఆ తర్వాత దొరికేది మీటింగులోనే. మెట్ల మీద వ్యాపారం హెడ్డు ఎదురయ్యాడు. పాలిష్ చేసిన బూట్లు, చంకలో పేపరు, పక్కన ఇద్దరు శిష్యులు. ఆయన శాఖలో పన్నెండుమంది మాస్టార్లు. మేడమ్ విషయం చెప్పి, మీ పాఠం ఎనిమిదింటికి జరుపుతారా అని అడిగింది.

"ఎనిమిదింటికా? నేనా?" ఆయన నవ్వాడు. శిష్యులూ నవ్వారు. "ముందు పాస్ చేయించుకోండి మేడమ్. సర్దుబాట్లు తర్వాత చూసుకోవచ్చు. ఇంత కష్టపడ్డారు, పెళ్ళిపీట మీద కూర్చున్నాక లేస్తారా ఎవరైనా?"

శాఖ గదిలో చిన్న మాస్టారు మీటింగుకు కాగితాలు దొంతర్లు పెడుతున్నాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డాడు.

"మీటింగులో ఇది చెప్పకండి మేడమ్."

"ఎలా చెప్పకుండా ఉండను?"

"వాళ్ళెవరూ అడగరు. ముందు డిగ్రీ రానివ్వండి. తర్వాత ఒక్కొక్కరి కాళ్ళూ పట్టుకుని గంటలు మార్పిద్దాం. రెండో ఏడు మొదలవడానికి ఇంకా ఏడాది టైముంది."

"ఇరవై ఆరేళ్ళుగా మారనివి ఏడాదిలో మారతాయా?"

"మారకపోతే అప్పుడు చూద్దాం." అతను చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు. "పోయిన నెల వేరే కాలేజీవాళ్ళు రమ్మన్నారు. పర్మనెంటు అన్నారు. మీరు ఉండమంటేనే కదా ఉన్నాను."

అది నిజం. ఉండు, కోర్సు వస్తుంది, నాది పూచీ అని మేడమే ఈ గదిలో చెప్పింది. పది కొట్టారు. క్లాసు నువ్వు తీసుకో అని అతన్ని పంపి, వరండా చివరికి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. అక్కది బట్టలు కుట్టే దుకాణం. చిన్నప్పటి నుంచీ ఏ చిక్కొచ్చినా అక్కకు చెప్పడం, అక్క చేత తిట్లు తినడం ఆవిడకు అలవాటు. కుట్టుమిషను చప్పుడు మధ్య అంతా విని అక్క అడిగింది.

"ఎంతమంది పిల్లలే?"

"అరవైమంది. మొదటి ఏడుకు."

"వాళ్ళకెప్పుడు తెలుస్తుంది?"

"రెండో ఏడు టైమ్‌టేబుల్ చేతికొచ్చిన రోజున."

మిషను ఆగింది. "కొలత తప్పిందని కత్తిరించాక తెలిస్తే నేనేం చేస్తాననేగా నీ అనుమానం. ఒకసారి ఇచ్చేశాను, చూసుకోకుండా తొడుక్కుంటుందిలే అని. అరవై జాకెట్లు కాదు, ఒక్కటే. ఆవిడ మళ్ళీ నా గడప తొక్కలేదు. ఇప్పటికీ వీధిలో కనిపిస్తే నేనే పక్కకు తప్పుకుంటాను."

"అయితే చెప్పెయ్యమంటావా?"

"నేనేమీ అనను. చెబితే నీ శాఖ పోతుంది, ఆ అబ్బాయి కూడు పోతుంది. అది నా నోటితో అనమంటావేం? నీ నోరు నీ దగ్గర లేదూ?" అని అక్క ఫోన్ పెట్టేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దారి అడుగుదామని పోతే అక్క రెండూ ఎంత లోతో చెప్పి ఊరుకుంది.

పదకొండింటికి మీటింగు. పొడుగాటి బల్ల, చుట్టూ పన్నెండుమంది, గ్లాసుల మీద కాగితం మూతలు. కమ్యూనికేషన్ డిగ్రీ మూడో అంశం. మొదటి రెండూ సైకిల్ షెడ్డు గురించి, లైబ్రరీ వేళల గురించి. ఆ రెంటి మీద ముప్పావుగంట కొట్లాడుకున్నారు. మేడమ్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

మూడో అంశం వచ్చింది. ఆవిడ లేచి చెప్పింది. ఆస్పత్రి మాట, అంకెల మాట, ఇరవైమంది కాగితం. తను చెబుతుంటే తనకే వింతగా ఉంది, ప్రతి ముక్కా నిజమే, మొత్తం కలిపితే అబద్ధం. అందరూ బాగుందన్నారు. లైబ్రరీ వేళల మీద అంత గొంతు చించుకున్న ముసలాయన కూడా తల ఊపాడు. సమయం గురించి ఎవరూ అడగలేదు. గళ్ళాయన సంతకం ఉన్న కాగితాన్ని ప్రిన్సిపాల్ ఒకసారి చూసి పక్కన పెట్టారు.

"ఎవరికైనా అభ్యంతరముందా?" అన్నారు. ఇది అడగడానికే అడిగే ప్రశ్న. ఆయన చెయ్యి అప్పటికే ముద్ర వైపు వెళుతోంది.

"నాకుంది," అంది మేడమ్.

బల్ల చుట్టూ తలలు తిరిగాయి. ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నాలుగు పాఠాలూ పదింటికేనని చెప్పింది. నాలుగేళ్ళని రాసింది ఏడేళ్ళు పడుతుందని చెప్పింది. తప్పు తనదే, టైమ్‌టేబుల్ చూడకుండా డిగ్రీ గీశానని చెప్పింది. తన పాఠం రేపటి నుంచే ఎనిమిదింటికి మార్చుకుంటానంది.

"మీదొక్కటే మారిస్తే ఆరేళ్ళవుతుంది," అన్నారు ప్రిన్సిపాల్ వేళ్ళు లెక్కపెట్టి. "మిగతావాళ్ళు?"

మనసుల మాస్టారు తల దించుకున్నాడు. ఆయన భార్యకు పక్షవాతం, పొద్దున స్నానం చేయించి అన్నం పెట్టి రావాలి, తొమ్మిదిన్నర లోపు ఇల్లు కదల్లేడు. అది అందరికీ తెలుసు. మధ్యాహ్నం రమ్మంటే మందుల వేళ. డేటా మేడమ్ మిగతా గంటల్లో ల్యాబ్ ఖాళీ లేదంది, కాగితం తీసి చూపించింది కూడా. ఇద్దరి మీదా కోపం తెచ్చుకుందామన్నా మేడమ్‌కి వీల్లేకపోయింది. అప్పుడు వ్యాపారం హెడ్డు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మార్గముంది. మా దగ్గర పన్నెండుమంది ఉన్నారు. మనిషి ప్రవర్తన చెప్పగలిగినవాడు ఉన్నాడు, డేటా చెప్పగలిగినవాడూ ఉన్నాడు. డిగ్రీని మా శాఖ కింద పెడితే గంటలన్నీ నా చేతిలో ఉంటాయి, నాలుగేళ్ళలో పూర్తి చేయిస్తాను. ఆ వినడం, అడగడం కూడా మావాడే ఎవడో చెబుతాడు."

ఎవడో చెబుతాడట. పదిహేనేళ్ళ పాఠం. మేడమ్‌కి అది మింగుడుపడలేదు.

ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు, మంచివాడినని గుర్తుంచుకోవడానికి తీరిక లేనివాడు. గడియారం చూసుకుని అన్నారు. "చూడండి మేడమ్. ప్రతిపాదన మీది, వెనక్కి తీసుకున్నా ఇంకొకరికి ఇచ్చినా మీ ఇష్టం. ఉన్నదున్నట్టు ఉంచమంటే ఇప్పుడే ముద్ర వేస్తాను, గంటల సంగతి నిదానంగా చూసుకోవచ్చు, మీ శాఖా ఉంటుంది. ఆయన కిందికి ఇస్తానంటే అదీ ఇప్పుడే. కానీ అప్పుడు మీ శాఖను విడిగా ఉంచడానికి నాకు కారణం ఉండదు."

ఇంత తెలిసీ ఆయన ముద్ర వేస్తానంటున్నాడు. పన్నెండుమందీ విన్నారు, పన్నెండుమందికీ ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు. నిజం చెబితే వాళ్ళు ఆపుతారనుకుంది ఆవిడ, అదీ తన మీదే వదిలేశారు. కింద చిన్న మాస్టారు కొత్త చొక్కాతో కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలరు దగ్గర కంపెనీ చీటీ ఊడదీయడం మరిచిపోయాడు, పొద్దున చెబుదామనుకుని తనూ మరిచిపోయింది.

"గళ్ళాయన్ని పిలిపించండి," అంది.

"ఎవర్ని?"

"టైమ్‌టేబుల్ గుమాస్తాని. వ్యాపారం హెడ్డుగారు గంటలు కాగితం మీద రాసివ్వాలి. ఆయన చూసి కుదిరిందనాలి. అప్పుడు సంతకం పెడతాను."

వ్యాపారం హెడ్డు నొసలు ముడిపడింది గానీ, రాశాడు. పావుగంట పట్టింది. గళ్ళాయన చేతిలో అట్టముక్కల డబ్బాతో వచ్చాడు. ఆ గదిలో కూర్చోమని ఆయన్ని ఎవరూ అనలేదు. నిలబడి బల్ల మీద ముక్కలు పరిచాడు. రెండుచోట్ల తప్పు పట్టాడు, హెడ్డు రెండుచోట్లా కొట్టేసి మళ్ళీ రాశాడు. తప్పు దిద్దించుకుంటూ ఆయన పడ్డ అవస్థ ఇంకో రోజైతే మేడమ్ పదిమందికి చెప్పి నవ్వుకునేది.

"కుదిరింది," అన్నాడు గళ్ళాయన.

"నాలుగేళ్ళా?"

"నాలుగేళ్ళే మేడమ్. ఒక్క రోజు ఎక్కువ పట్టదు."

ఫారంలో శాఖ పేరు ఉన్న చోట కొట్టేసి ‘వ్యాపార శాఖ’ అని ఆవిడే తన చేత్తో రాసింది. వేరేవాళ్ళు కొట్టేస్తే చూడలేననిపించింది. పక్కన సంతకం పెట్టింది. ప్రిన్సిపాల్ ముద్ర వేసి, నాలుగో అంశం అన్నారు.

చిన్న మాస్టారు మెట్ల దగ్గరే ఎదురుచూస్తున్నాడు. ఆవిడ ముఖం చూసి లేచాడు.

చెడ్డ వార్త ఎలా చెప్పాలో ఆవిడ ఏటా క్లాసులో నేర్పుతుంది. చుట్టూ తిప్పొద్దు, మొదటి వాక్యంలోనే చెప్పెయ్యాలి, చెప్పాక పారిపోకుండా అక్కడే ఉండాలి. పిల్లల చేత అభ్యాసం చేయిస్తుంది, మార్కులు వేస్తుంది. తానెవరికైనా ఎప్పుడైనా చెప్పిందా అంటే గుర్తులేదు.

"శాఖ పోయింది. జూన్‌లో నీకు ఉద్యోగం ఉందనే కాగితం రాదు. డిగ్రీ వచ్చింది, వ్యాపారంవాళ్ళకు."

"వాళ్ళు అడిగారా, గంటల గురించి?"

"లేదు."

"మీరే చెప్పారు."

"నేనే చెప్పాను."

"నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదండీ."

ఏడాదిగా ఆవిడ పక్కన కూర్చుని ఆ డిగ్రీలో ప్రతి అక్షరం దిద్దినవాడు. ఆవిడతో ఎప్పుడూ అలా మాట్లాడినవాడు కాదు. పిల్లల గురించి, అరవైమంది గురించి, ఏడేళ్ళ గురించి చెప్పాల్సినవి ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ న్యాయమైనవే. అవేవీ ఇతని ఉద్యోగాన్ని తిరిగి తెచ్చివ్వవు.

"సరిపోయేది," అంది.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. మీటింగు నుంచి ఇద్దరు ముగ్గురు దిగుతూ వాళ్ళను చూసి గోడవారగా తప్పుకుని వెళ్ళారు. మేడమ్ ఫైలు కింద పెట్టి, అతని పక్కన, అదే మెట్టు మీద కూర్చుంది. అతను లేవమనలేదు, ఉండమనలేదు. ఆవిడ అక్కడే ఉంది.